నీళ్ళా, సబ్బా, వాషా? కింద వాసనకు ఏది మేలు

ఖమ్మంలో మా మెడికల్ షాపు కౌంటర్‌లో నేను కూర్చునేది మధ్యాహ్నం పూట. ఆ టైములో మగవాళ్ళ రద్దీ ఉండదు కాబట్టి కొంతమంది ఆడవాళ్ళు అప్పుడే వస్తారు. ముందు జ్వరం మాత్రో, దగ్గు మందో తీసుకుంటారు. తర్వాత గొంతు తగ్గించి అడుగుతారు: "అక్కా, కింద వాసనొస్తోంది. కడుక్కోడానికి మంచిదేదైనా ఉందా?" ఇంటర్ చదివే పిల్ల అడిగింది, మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన ఆవిడా అడిగింది. సబ్బు మంచిదా, టీవీలో చూపించే వాష్ మంచిదా, అత్తగారు చెప్పిన సున్నిపిండి మంచిదా అని. ఒక్కొక్కరికీ నిలబడి చెప్పే వీలు లేక ఇక్కడ రాస్తున్నాను.

యోనికి తనదైన వాసన కొంత ఉంటుంది. కాస్త పుల్లగా, మజ్జిగలా ఉంటుంది. నెలసరికి ముందూ వెనకా మారుతుంది. అది జబ్బు కాదు. ఆ కాస్త వాసన కూడా ఉండకూడదని రోజుకు నాలుగుసార్లు రుద్ది కడిగి, చివరికి మంట తెచ్చుకుని వచ్చినవాళ్ళను చూశాను.

ఎవరడిగినా నేను తిరిగి అడిగే ప్రశ్న ఒకటే. వాసన బయటి చర్మానిదా, లోపలి నుంచి వచ్చే తెల్లబట్టదా? తొడల సందుల్లో, వెంట్రుకలున్న చోట చంకల్లో మాదిరే చెమట పడుతుంది. బిగుతు లెగ్గింగ్స్ వేసుకుని రోజంతా తిరిగితే సాయంత్రానికి వాసన వస్తుంది, స్నానం చేస్తే పోతుంది. అలా కాకుండా శుభ్రంగా కడుక్కుని ఉతికిన లోదుస్తులు వేసుకున్న గంటా రెండు గంటల్లోనే తడితోపాటు వాసన మళ్ళీ వస్తే అది లోపలిది. షాపులో అమ్మే సీసాలన్నీ బయటి చర్మానికే. లోపలి వాసనకు వాటిలో ఏదీ పనిచేయదు. ఇది తేల్చుకోకుండా ఏది కొన్నా డబ్బు దండగ.

బయటిదే అనుకుందాం. అప్పుడు పోటీ మూడింటి మధ్య.

సబ్బుతో చిక్కు క్షారగుణం. పులుపునూ క్షారాన్నీ కొలిచే అంకెను పీహెచ్ అంటారు; అది 7 కన్నా తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మామూలు స్నానం సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. పిల్లలు కనే వయసులో యోని లోపల పీహెచ్ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అంటే లోపల పులుపు. ఆ పులుపును తయారుచేసేవి ల్యాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా. పెరుగు తోడుకోవడానికి కారణమైన జాతికి ఇవి బంధువులే. యోని గోడల్లో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం మీద బతికి ల్యాక్టిక్ ఆమ్లం విడుదల చేస్తాయి. ఆ పులుపు ఉన్నంతకాలం చాలామటుకు చెడ్డ క్రిములు తలెత్తలేవు. బయట తొడల దగ్గర, వెంట్రుకల మీద తేలికైన సబ్బు వాడినా నష్టం లేదు. లోపలి పెదవుల దాకా నురగ పట్టిస్తేనే పొడిబారడం, మంట.

ఇంటిమేట్ వాష్ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. మంచివాటిలో ల్యాక్టిక్ ఆమ్లం ఉంటుంది, సబ్బులా క్షారంగా ఉండవు. బయట మాత్రమే, ఎప్పుడైనా వాడితే ఎక్కువమందికి ఏమీ కాదు. నురగ లేకపోతే శుభ్రమైనట్టే అనిపించదు అనేవాళ్ళకు సబ్బు కన్నా ఇదే నయం. అయితే కొన్నింట్లో సువాసన కలుపుతారు, అది పడక దురద వచ్చేవాళ్ళుంటారు. నేనూ రెండేళ్ళు వాడాను. హాని ఏమీ జరగలేదు. మానేశాక తేడా కూడా ఏమీ కనిపించలేదు.

ఇప్పుడు నాకు నీళ్ళే. స్నానంలో ఒకసారి గోరువెచ్చటి నీళ్ళతో, చేత్తోనే, ముందు నుంచి వెనక్కి కడిగి మెత్తటి నూలు గుడ్డతో తడి అద్దుకుంటాను. బహిష్టు రోజుల్లో ఇంకోసారి. హెల్త్ ఫాసెట్ ధారను మాత్రం లోపలికి పెట్టకూడదు. లోపలికి నీళ్ళు కొట్టి కడగడాన్ని డూషింగ్ అంటారు. మంచి బ్యాక్టీరియా కొట్టుకుపోతాయి, చెడ్డవి పైకి గర్భసంచి వైపు ఎక్కే ప్రమాదం ఉంది. గైనకాలజిస్టులు దీన్ని గట్టిగా వద్దంటారు. నీళ్ళలో నాలుగు చుక్కల డెటాల్ వేసుకోవడం, పటిక నీళ్ళతో కడగడం అంతకన్నా చెడ్డవి.

సున్నిపిండి ఒంటికి బాగుంటుంది, అక్కడ గరుకుగా గీరుకుంటుంది. వేపాకు నీళ్ళూ పసుపూ లోపలికి వద్దు. వైప్స్, స్ప్రేలు, పౌడరు, సెంటు ప్యాడ్లు వాసనను కప్పుతాయే తప్ప తీసేయవు.

ఇక వాసన లోపలిదైతే అది ఎలాంటిదో చూడాలి. చేపలు కడిగిన నీళ్ళలా నీచు వాసన, పల్చగా బూడిద రంగు తెల్లబట్ట ఉంటే ఎక్కువగా అది బ్యాక్టీరియల్ వెజినోసిస్. మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిపోవడం. భర్తతో కలిశాక, నెలసరి సమయంలో ఈ వాసన ఎక్కువవుతుంది. వీర్యమూ రక్తమూ కొంచెం క్షారం. అవి తగిలితే తెల్లబట్టలోని అమీన్లు అనే నీచు వాసన రసాయనాలు ఆవిరై ముక్కుకు తగులుతాయి. సబ్బూ క్షారమే కాబట్టి ఈ వాసనకు సబ్బు అసలు మందే కాదు. పెరుగు తరకల్లా తెల్లబట్ట, విపరీతమైన దురద ఉండి వాసన పెద్దగా లేకపోతే ఫంగస్ అనుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకు, యాంటీబయాటిక్స్ వాడినవాళ్ళకు ఇది తరచుగా వస్తుంది. పసుపూ ఆకుపచ్చా కలిసిన నురగ లాంటి తెల్లబట్టయితే ట్రైకోమొనాస్ అనే క్రిమి కావచ్చు. అది కలయికతో అంటుకునేది, ఇద్దరూ మందు వాడాలి. మూడింటికీ మందులు వేరు. పక్కింటావిడకు తగ్గిన మాత్ర పేరు చీటీ మీద రాసుకొచ్చి అడిగితే నేను ఇవ్వను.

వెజినోసిస్‌కు సాధారణంగా మెట్రోనిడజోల్ 7 రోజులు రాస్తారు. బాధేమిటంటే, తగ్గినా ఏడాది లోపల సగానికి పైగా ఆడవాళ్ళకు మళ్ళీ వస్తుంది. అప్పుడు చాలామంది తమలోనే ఏదో అశుభ్రత ఉందని కుమిలిపోతారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు వాళ్ళందరికీ తెలియాలి. భార్యకు మాత్రమే మందు ఇస్తే 12 వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది. భర్తకు కూడా మాత్ర, పైపూత క్రీము ఇస్తే 35 శాతానికి తగ్గింది. మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టరుగారిని ఈ మాట తప్పక అడగండి. భర్తకు మందేమిటని ఇంట్లో ఎవరైనా అన్నా సరే.

కొన్నింటికి ఆలస్యం చేయొద్దు. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, గర్భిణి అయినా ఆ వారమే చూపించుకోవాలి. ముట్లుడిగాక రక్తపు చార, కుళ్ళు వాసనతో స్రావం కనిపిస్తే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష తప్పనిసరి. 30 దాటినవాళ్ళకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఆ పరీక్ష ఉచితం, మీ ఆశా కార్యకర్తను అడగండి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు చాలామంది సిగ్గుతో వాష్ పెట్టి రుద్ది కడుక్కుని వెళ్తారు. అలా చేయకండి. ముందు రోజు కలయిక కూడా వద్దు. ఆ తెల్లబట్ట, ఆ వాసన ఉంటేనే డాక్టరుకు జబ్బేదో తెలిసేది.