గ్రామసభా? ప్రజావాణా?

వీధి దీపం వెలగకపోయినా, మురుగు కాలువ పొంగినా తెలంగాణ పల్లెల్లో ఎక్కడ చెప్పుకోవాలి?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి ఒక దారి. ఆగిన పింఛను, భూమి గొడవ లాంటివి పంచాయతీ చేతిలో ఉండవు కాబట్టి వాటికి అదే సరైన చోటు. కానీ జిల్లా కేంద్రం దాకా వెళ్లాలి, ఆ రోజు కూలి పోతుంది. ముసలివాళ్లకు మరీ కష్టం.

కాలువ, దీపం, తాగునీటికైతే నా ఓటు గ్రామసభకే. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి జరపాలి. అక్కడ సర్పంచ్, కార్యదర్శి ఎదురుగానే ఉంటారు, మీ మాటకు పక్కింటివాళ్లూ తోడవుతారు. అర్జీ రాయడం రాని అమ్మ కూడా నోటితో చెప్పొచ్చు. చెప్పింది తీర్మానాల పుస్తకంలో రాశారో లేదో చూసుకునే లేవండి. అయినా పని కదలకపోతే, ఆ తీర్మానం నకలు జతచేసి ప్రజావాణిలో ఇవ్వండి.