చెరువు గట్టు మీద మూడేళ్లు: నా పీహెచ్ పెన్ను సంగతి

పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రెండు వనామి రొయ్యల చెరువులు చేస్తున్నాను. మూడేళ్లుగా పొద్దున్న ఆరింటికోసారి, మధ్యాహ్నం మూడు దాటాక ఇంకోసారి నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) పెన్నుతోనే, అంటే నీళ్లలో ముంచితే అంకె చూపించే చిన్న మీటరుతోనే చూస్తున్నాను. ఇప్పుడు వాడేది రెండోది. మొదటిది నా నిర్లక్ష్యం వల్లే పోయింది.

అది ఆన్‌లైన్‌లో దొరికే చవక పెన్ను. వెనక చిన్న స్క్రూ ఉండేది, దాన్ని తిప్పి ఒక్క బఫర్‌తో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణంతో) సరిచేయాలి. 6.86 ద్రావణంలో ముంచి, అంకె కుదరగానే కడిగి, పొడి మూత పెట్టి షెడ్డులో పడేసేవాణ్ణి. రెండు నెలలు పోయాక ఓ పొద్దున్న 7.3 చూపించింది. పీహెచ్ పడిపోతోందనుకుని సున్నం కొట్టించాను. మూడో రోజుకు చెక్ ట్రేలో (రొయ్యలు తింటున్నాయో లేదో చూసే పళ్లెంలో) మేత వేసింది వేసినట్టే ఉంది. మధ్యాహ్నం పెన్ను 7.9 అంటోంది, అదే నీళ్లను ల్యాబ్‌లో చూస్తే 8.9! నాకు కాళ్లు చేతులు ఆడలేదు. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 8 ఉంటే నీళ్లలోని అమ్మోనియాలో విషంగా మారేది పదో వంతు కూడా ఉండదు, 9కి వెళితే సగానికి దగ్గర పడుతుంది. సున్నం ఆపి, నీళ్లు మార్చి ఎలాగో బయటపడ్డాం.

తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. పెన్ను చివరి గాజు బల్బు ఎప్పుడూ తడిగా ఉండాలి. మంచి బల్బు 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ అంకెకు 59 మిల్లీవోల్టుల తేడా ఇస్తుంది. నాది ఎండిపోయి అందులో సగమే ఇస్తోంది. అలాంటిది 6.86 దగ్గర సరిగ్గానే చూపిస్తుంది, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ తప్పు పెరుగుతుంది. ఒక్క బఫర్‌తో సరిచేస్తే ఈ జబ్బు ఎప్పటికీ బయటపడదు.

రెండో పెన్నుకు ఎలక్ట్రోడ్, అంటే గాజు బల్బు ఉండే చివరి భాగం, విప్పి మార్చుకోవచ్చు. రెండు బఫర్లతో సరిచేశాక స్లోప్ ఎంత శాతం ఉందో, అంటే ఆ 59 మిల్లీవోల్టుల్లో బల్బు ఎంత వంతు ఇస్తోందో కూడా చూపిస్తుంది. దీన్ని కొన్నందుకు నాకు అసలు లాభం ఈ అంకే. కొత్తలో 99 ఉండేది, ఏడాదికి 94 అయింది. పంతొమ్మిదో నెలలో ఎంత శుభ్రం చేసినా 86 దాటలేదు, ఎలక్ట్రోడ్ మార్చేశాను.

ప్రతి ఆదివారం 6.86, 9.18 బఫర్లతో సరిచేస్తాను. చెరువు నీళ్లు ఈ రెంటి మధ్యే తిరుగుతాయి కాబట్టి 4.01 బఫర్ జోలికి పోను. పొడి ప్యాకెట్‌ను 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలుపుకుంటాను. బోరు నీళ్లు, మినరల్ వాటర్ పనికిరావు. రెంటిలో 9.18 తొందరగా పాడవుతుంది, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని దాని పీహెచ్ దిగిపోతుంది. అందుకని నెలకోసారి కొత్తది కలుపుతాను. వాడిన బఫర్‌ను తిరిగి సీసాలో పోయను. ఎండలో గట్టు మీద సరిచేయడం కూడా మానేశాను, 35 డిగ్రీల దగ్గర 9.18 బఫర్ అసలు విలువే 9.10.

కొత్తలో ఇంకో పొరపాటు జరిగింది. ఈ పెన్ను 7.00, 10.01 బఫర్లు వాడతామన్న సెట్టింగ్‌తో వచ్చింది. నేను 6.86లో ముంచితే దాన్ని 7.00 అనుకుని సరిచేసేసుకుంది. వారం పాటు ప్రతి రీడింగూ పైకే చూపించింది. కొనగానే ముందు ఆ సెట్టింగ్ చూసుకోండి.

మూతలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణం నాలుగు చుక్కలు వేసి ఉంచుతాను. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ ఉంచితే ఎలక్ట్రోడ్ లోపలి లవణం బయటికి పోతుంది. మూత చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంటే కంగారు పడొద్దు, కడిగితే పోతుంది. అది చూసి నేను పెన్ను వెనక్కి పంపేద్దామనుకున్నాను. నాచు జిగురు పడితే సబ్బు నీళ్లలో నానబెడతాను. సున్నపు పొర కడితే బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు ఉంచి, కడిగి, రెండు గంటలు ఆ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో పెడతాను. బల్బును రుద్దకూడదు, టిష్యూ కాగితంతో తడి అద్దుకోవాలి. మా చెరువు మీద ఉండే కుర్రాడు తువ్వాలుతో తుడుస్తుంటే వద్దన్నాను. "ఆయ్, రొయ్యకన్నా దీనికే ఎక్కువ సేవ చేయాలండీ" అన్నాడు. నిజమే మరి.

లోపాలూ ఉన్నాయి. ఎండలో తెర కనపడదు, అరచెయ్యి అడ్డం పెట్టుకోవాలి. బ్యాటరీ గదిలోకి చెమ్మ చేరి రెండుసార్లు బిళ్లలు తుప్పు పట్టాయి. ఎలక్ట్రోడ్ ధర పెన్ను ధరలో సగం దాకా ఉంది, పైగా అమ్మినవాళ్లు పన్నెండు రోజులకు పంపారు. పంట మధ్యలో పన్నెండు రోజులంటే మాటలు కాదు, టెస్ట్ కిట్ రంగులు చూసుకుంటూ నెట్టుకొచ్చాను.

అందుకే ఈసారి ఎలక్ట్రోడ్ ఒకటి ముందే తెచ్చి పెట్టుకున్నాను. అలాగని రెండు మూడు కొనిపెట్టుకోవద్దు, వాడకుండా ఉంచినా దానికి వయసు మీద పడుతూనే ఉంటుంది. కొనేటప్పుడు డబ్బా మీద తయారీ తేదీ చూడండి.