తరగతి గదిలో ఇమేజ్‌జె: హెర్బేరియం చిత్రాల నుంచి ఆకు కొలతలు

హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం బోధిస్తూ, కొన్నేళ్లుగా ఇమేజ్‌జె అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెర్బేరియం (ఎండబెట్టి షీట్లపై భద్రపరచిన మొక్కల నమూనాల సేకరణ) చిత్రాలపై కొలతలు తీయిస్తున్నాను. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో వేన్ రాస్‌బ్యాండ్ 1997లో రూపొందించిన ఈ ప్రోగ్రామ్ మా ప్రయోగశాలలోని పాత కంప్యూటర్లపై కూడా చక్కగా నడుస్తోంది. దీన్ని నేర్పడం తేలికే. దీనితో వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో నేర్పడానికే ఎక్కువ సమయం పడుతుంది.

చిత్రంలోని కొలబద్దపై గీత గీసి, అది ఎన్ని మిల్లీమీటర్లో ‘సెట్ స్కేల్’లో నమోదు చేస్తే, ఆపైన ప్రతి కొలతా మిల్లీమీటర్లలోనే వస్తుంది. అక్కడే ఉన్న ‘గ్లోబల్’ గడిలో టిక్ పెడితే తెరిచిన చిత్రాలన్నింటికీ అదే స్కేలు వర్తిస్తుంది. ఒకే స్కానర్‌పై ఒకే రెజల్యూషన్‌తో తీసిన చిత్రాలకు ఇది సౌకర్యమే కానీ, వేర్వేరు హెర్బేరియంల చిత్రాలను జీబిఫ్ (జీవవైవిధ్య సమాచారాన్ని ఉచితంగా అందించే అంతర్జాతీయ వేదిక) ద్వారా దించుకున్నప్పుడు దశాంశ స్థానాలతో సహా తప్పుడు అంకెలు వస్తాయి, చూడటానికి మాత్రం అవి సరైనవిగానే కనిపిస్తాయి. అందుకే ప్రతి చిత్రానికీ మిల్లీమీటరుకు ఎన్ని పిక్సెళ్లో పట్టికలో రాయడం తప్పనిసరి చేశాను. 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) స్కాన్‌లో ఆ విలువ సుమారు 11.8 అని తెలిసిన విద్యార్థులు తేడా కనిపించగానే ఆగి సరిచూసుకుంటారు.

అంతకన్నా లోతైన చిక్కు నిర్వచనంలో ఉంది. బతుకమ్మ పండుగతో అందరికీ పరిచయమైన తంగేడునే తీసుకుందాం. పత్రకం (సంయుక్త పత్రంలోని ఒక చిన్న ఆకు) పొడవు కొలవమంటే కొందరు దాని చిన్న కాడను కూడా కలుపుకుంటారు, కొందరు ఫలకం (ఆకు వెడల్పాటి భాగం) మొదలు నుంచి కొలుస్తారు. కొనన ఉండే సన్నని మొనను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది. కాబట్టి ఏ బిందువు నుంచి ఏ బిందువు వరకు కొలవాలో ముందుగా బోర్డుపై బొమ్మ గీసి నిర్ణయిస్తాం. ఆ తరువాత ఒకే చిత్రాన్ని ఇద్దరికిచ్చి, ఒకరి ఫలితం మరొకరు చూడకుండా కొలిపించి, ఆ రెండింటి మధ్య తేడాను కూడా నివేదికలో రాయిస్తాను. రెండు జాతుల మధ్య కనిపించే భేదం ఈ తేడా కన్నా చిన్నదైతే దాని ఆధారంగా ఏమీ తేల్చకూడదని వారికి అప్పుడే అర్థమవుతుంది.

వైశాల్యం విషయంలో తెల్లని నేపథ్యంపై స్కాన్ చేసిన పచ్చి ఆకును, ముదురు, లేత భాగాలను విడదీసే ‘థ్రెషోల్డ్’ చక్కగా వేరు చేస్తుంది. హెర్బేరియం షీటుపై ఆకులు ఒకదానిపై ఒకటి పడి, కుట్టిన దారాలు, నీడలు కలిసిపోయి ఉంటాయి కనుక అంచు వెంట చేత్తో గీయక తప్పదు. ఎండిన ఆకు కుంచించుకుపోతుందన్న సంగతి కూడా మరువకూడదు. అదే ఆకును ప్రెస్‌లో పెట్టకముందు, ఆరిన తరువాత స్కాన్ చేయించి పోల్చడం మంచి అభ్యాసం.

ఇమేజ్‌జెలో ‘అన్‌డూ’ ఒక్క అడుగు మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది, కనుక చిత్రం నకలుపైనే పని చేయించాలి. గీసిన గీతలన్నింటినీ, ఎంచుకున్న భాగాలను దాచే ‘ఆర్ఓఐ మేనేజర్’లో చేర్చి భద్రపరచమంటాను కాబట్టి, మార్కులు వేసేటప్పుడు అంకెల కన్నా ముందు వాటినే తెరిచి చూస్తాను. ఆకు మందాన్ని మాత్రం ఈ చిత్రాల నుంచి కొలవలేం; దానికి స్క్రూ గేజీ, అసలు ఆకు రెండూ చేతిలో ఉండాల్సిందే.