కౌబాయ్ కోతల పాఠం: ముందు చార్టా, ముందు కథా? ఏది మేలు?

టెక్సస్‌లో డాలస్‌కు దగ్గర్లో ఒక బళ్లో నాలుగో క్లాసు పిల్లలకు చదువు చెప్తాను. ఏటా టాల్ టేల్స్ పాఠం వస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే కోతల కథలు. అందులో కౌబాయ్ కోతలకు పెద్ద దిక్కు పేకోస్ బిల్. పసితనంలో బండిలోంచి పేకోస్ నది దగ్గర జారిపడి, కొయొటీల (అక్కడి నక్కల్లాంటి అడవి జంతువుల) మధ్య పెరిగి, తోకతో గిలకలా చప్పుడు చేసే గిలకపామును తాడుగా వాడి, సుడిగాలి మీద స్వారీ చేసినవాడు. ఈ కథల లక్షణాలు పిల్లలకు ఎలా అందించాలి? మూడు పద్ధతులున్నాయి. మూడూ క్లాసులో చేసి చూశాను.

మొదటిది చార్టు పద్ధతి. గోడమీద పెద్ద కాగితం అంటించి ముందే రాసేస్తాం: హీరోకు మనుషులకు లేని బలం ఉంటుంది, ప్రతిదీ అతిశయోక్తే, చిక్కు ఏదొచ్చినా అసాధ్యమైన పనితో తీరుతుంది, ఏ నదో లోయో ఎలా పుట్టిందో కథే చెప్తుంది, నవ్వొస్తుంది. తర్వాత కథ చదివి ఒక్కో లక్షణం ఎదురుగా టిక్కు పెట్టమంటాం. అరగంటలో అయిపోతుంది. పరీక్షలో అడిగితే పిల్లలు టెన్షన్ లేకుండా రాస్తారు. ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలకు పట్టుకోవడానికి నాలుగు మాటలు ముందే దొరుకుతాయి, అది నిజమైన లాభం.

కానీ నేను ఇలా చెప్పిన ఏడాది పిల్లలు కథ వినలేదు, వెతికారు. పెళ్లిరోజున బిల్ పెళ్లికూతురు స్లూఫుట్ స్యూ అతని గుర్రం మీదినుంచి ఎగిరి చంద్రుడి దాకా వెళ్లి, తగలకుండా తల వంచుకున్న చోట ఒక్కరూ నవ్వలేదు. అందరి పెన్సిళ్లూ ఒకేసారి ‘అతిశయోక్తి’ అన్న గడి మీదికి వెళ్లాయి.

రెండోది వీడియో. దీని గురించి ఎక్కువ చెప్పేది లేదు. పిల్లలు సరదాగా చూస్తారు, మనకు కాస్త ఊపిరి దొరుకుతుంది. కానీ బొమ్మల సినిమాలో పిల్లి కూడా గోడలోంచి దూరిపోతుంది. అన్నీ సాధ్యమయ్యే చోట కోత అన్నది ఎలా తెలుస్తుంది?

మూడోది కథ ముందు, చార్టు చివర. నేను ఇప్పుడు పట్టుకున్నది ఇదే. అయితే కథకన్నా ముందు ఇంకొకటి పెట్టాలి, అదే ఈ పద్ధతికి ప్రాణం: కౌబాయ్ నిజంగా ఏం చేసేవాడో చెప్పాలి.

తరగతికి 30 అడుగుల తాడు తీసుకెళ్తాను. చివర ఉచ్చు కట్టి, ఒక కుర్చీని దూడ అనుకుని విసరమంటాను. కిందటిసారి ఒక అబ్బాయి ఆరుసార్లు విసిరాడు. రెండుసార్లు ఉచ్చు వాడి భుజానికే పడింది. ఆరోసారి కుర్చీ కాలు దొరికితే క్లాసంతా చప్పట్లు. అప్పుడు చెప్పాను, ఆ కుర్చీ పరిగెడుతుంటే, నువ్వు గుర్రం మీదుంటే అదీ కౌబాయ్ పని అని. ఈ ఉచ్చుతాడుకు వాడే లాసో అన్న మాట స్పానిష్‌దనీ, ఈ పని ముందు మెక్సికో పశువుల కాపరులదనీ, కౌబాయ్‌లలో నల్లవాళ్లూ మెక్సికన్లూ చాలామంది ఉండేవారనీ కూడా చెప్తాను. మా క్లాసులో సగం మందికి ఆ మాట చాలా అవసరం.

తర్వాత 1866 సంగతి. చార్లెస్ గుడ్‌నైట్, ఆలివర్ లవింగ్ అనే ఇద్దరు పశువుల మందను పేకోస్ నది వైపు తోలారు. దారిలో 80 మైళ్లకు పైగా చుక్క నీరు లేదు. నీటి వాసన తగిలేసరికి దాహంతో పిచ్చెత్తిన పశువులు నదిలోకి దూకి, ఒకదాన్నొకటి తొక్కుకుని చాలా చచ్చిపోయాయి. పిల్లలు ఇది కదలకుండా వింటారు. ఆ నిశ్శబ్దంలోనే పేకోస్ బిల్‌ను దింపాలి. సుడిగాలి బిల్‌ను విదిలించలేక వానై కరిగిపోయింది, వాడు కిందపడిన చోటే కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ గుంట పడింది అని మొదలుపెట్టగానే పగలబడి నవ్వుతారు. నీళ్లకోసం పశువులు చచ్చిన దేశంలో వాన గురించి ఎందుకంత పెద్ద కోత కోశారో ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. మ్యాపు తీస్తే డెత్ వ్యాలీ నిజంగానే సముద్రమట్టానికి 86 మీటర్ల కింద ఉంది. ఒక నిజాన్ని సాక్షిగా నిలబెట్టి అబద్ధం ఆడడం ఈ కథల పద్ధతి. ముందే రాసిన చార్టులో నాకు ఈ లక్షణం ఎప్పుడూ కనబడలేదు.

చార్టుకు అందని లక్షణం ఇంకొకటుంది, చెప్పేవాడి ముఖం. తెలుగు ఇళ్లల్లో పిల్లలకు ఈ కథ చెప్పాలనుకునే అమ్మానాన్నలు దీన్ని గమనించాలి. మనం కథ చెప్తే నోట్లోంచి ‘అట’ వచ్చేస్తుంది: పామును తాడు చేసుకున్నాడట, చంద్రుడి దాకా ఎగిరిందట. ఆ ‘అట’ వస్తే కోత చచ్చిపోతుంది. ‘చేసుకున్నాడు, మా తాత అక్కడే ఉన్నాడు’ అని, నవ్వకుండా, కూరల ధర చెప్తున్నట్టు చెప్పాలి. ఉత్తరకుమారుడి ప్రగల్భాలతో పోల్చే తల్లులున్నారు, అది కొంతవరకే సరిపోతుంది. ఉత్తరుడు తన గొప్ప తానే చెప్పుకుని, కౌరవసేనను చూడగానే రథం దిగి పరిగెత్తాడు. బిల్ పారిపోడు, తన గొప్ప తాను చెప్పుకోడు. భగీరథుడు గంగను తెచ్చినట్టు బిల్ రియో గ్రాండే నదిని తవ్వాడని పోల్చడం ఇంకా దగ్గరగా ఉంటుంది. కానీ భగీరథుడి కథ నమ్మకంతో చెప్తాం. ఇక్కడ ఇది కోతేనని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. ఆ తేడా పిల్లలకు తప్పకుండా చెప్పాలి, లేకపోతే రెండు కథలకూ అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది, దాచను. అరగంట పాఠం మూడు రోజులు పడుతుంది. పరీక్ష వారంలో నేనే చార్టు ముందు పెట్టేస్తాను. హైస్కూల్లో చెప్పేవాళ్లు ఇంకో రోజు కలుపుకోవాలి. ఎందుకంటే మంట చుట్టూ కూర్చుని కౌబాయ్‌లే ఈ బిల్ కథలు చెప్పుకున్నారన్నది అంత గట్టి మాట కాదు. ఈ కథలను ఎడ్వర్డ్ ఓరైలీ 1923లో సెంచురీ మ్యాగజైన్‌లో అచ్చువేశాడు, బిల్‌కు ఊరూరా పేరు అలా వచ్చింది. జానపదమని చెప్పి రచయితలు అల్లిన ఇలాంటి వాటికి రిచర్డ్ డార్సన్ అనే పండితుడు 1950లో ‘ఫేక్‌లోర్’ (నకిలీ జానపదం) అని పేరే పెట్టాడు. నాలుగో క్లాసుకు దీన్ని ఒక్క వాక్యంలో చెప్తే చాలు, కానీ చెప్పాలి.

మూడో రోజు చివర చార్టు పిల్లలే రాస్తారు, తర్వాత తమ ఇంట్లోవాళ్ల పని మీద ఒక కోత కోయాలి. లారీ నడిపే నాన్న ఉన్న ఒక అమ్మాయి లేచి నిలబడింది. ‘శుక్రవారం ఐ-35 మీద ట్రాఫిక్ కదల్లేదు. మా నాన్న లారీ దిగి, రోడ్డును తాడులా చుట్టి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు’ అంది. ముఖంలో నవ్వు లేదు. ఎవరో అబద్ధం అన్నారు. ఆ పిల్ల మ్యాపు దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించింది: ‘సోమవారం మళ్లీ పరిచేటప్పుడు చిరిగింది. అందుకే ఇక్కడ డాలస్‌కు ఒకటి, ఫోర్ట్‌వర్త్‌కు ఒకటి, రెండుగా ఉంది.’