డాలర్ పాత రేట్లకు నమ్మదగిన పట్టిక

అమెరికాలో ఉన్న మా అన్నయ్య తొంభైలలో పంపిన డాలర్ల లెక్క తేల్చుకోవడానికి, రిజర్వ్ బ్యాంకు ఏటా వెలువరించే ఆర్థిక గణాంకాల హ్యాండ్‌బుక్‌లోని మారకపు రేట్ల పట్టికను వారం రోజులుగా వాడుతున్నాను. ఉచితంగా దొరికే ఈ పట్టికలో 1970-71 నుంచి ప్రతి ఆర్థిక సంవత్సరానికీ సగటు రేటునూ, సంవత్సరాంతపు రేటునూ విడివిడిగా చూపడం నాకు ఎంతో నచ్చింది. 1990-91లో 17.94 రూపాయలున్న డాలర్ సగటు మరుసటి ఏడాది వరుసలో 24.47కు చేరడం చూసినప్పుడు, 1991 జులై 1న, 3న రెండు విడతలుగా జరిగిన రూపాయి విలువ తగ్గింపు ఎంత పెద్దదో కళ్లకు కట్టింది. 1966 జూన్ 6న డాలర్ 4.76 నుంచి 7.50 రూపాయలకు మారిన ఘట్టం మాత్రం పట్టిక ఆరంభానికి ముందుదే.

సగటు రేటు ఏ ఒక్క రోజుకూ సరిపోదు. ఫలానా తేదీ రేటు కావాలంటే రిఫరెన్స్ రేట్లనే, అంటే ప్రతి పనిదినానికీ విడిగా ప్రకటించే డాలర్ రేట్లనే చూడాలి. బ్యాంకు సెలవు రోజుల్లో అవి వెలువడవు కనుక అంతకు ముందరి పనిదినపు రేటు తీసుకున్నాను. చేతికి నిజంగా ఎన్ని రూపాయలు వచ్చాయో చెప్పేది మాత్రం నాన్నగారు దాచిన బ్యాంకు రసీదులే.