విలియమ్స్‌బర్గ్: కొలిమి బాగుంది, విందు బాగాలేదు

వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌కు బయలుదేరే వాళ్లు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. పాత ఊరినే మ్యూజియంగా మార్చి ఉంచిన అక్కడి పద్దెనిమిదో శతాబ్దపు వీధుల్లో నడవడానికి టికెట్ అక్కర్లేదు. డ్యూక్ ఆఫ్ గ్లాస్టర్ వీధి ఇంచుమించు మైలు పొడవుంటుంది. గుర్రపు బండ్లు, మూడు మూలల టోపీల మగవాళ్లు, గౌన్ల కింద చెమటలు కక్కుతున్న ఆడవాళ్లు, అన్నీ ఉచితంగా చూడవచ్చు. భవనాల్లోకి, పనివాళ్ల దుకాణాల్లోకి వెళ్లాలంటేనే టికెట్. పెద్దవాళ్లకు యాభై డాలర్ల దరిదాపు పడుతుంది, పిల్లలకు తక్కువ. ధర మారుతూ ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు ఆ మ్యూజియం సైటులో చూసుకుని అక్కడే కొనండి. మరెక్కడా కొనకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఊరి పొలిమేరలో పెట్రోలు బంకు పక్కన ఒక చిన్న గది, దాని మీద 'పర్యాటక సమాచారం' అని పెద్ద బోర్డు. ప్రభుత్వం వారిదేమో అనిపించేలా నీలం రంగు వేశారు. న్యూజెర్సీ నుంచి భార్యాపిల్లలతో వచ్చిన మా బావమరిది అక్కడ కారు ఆపాడు. కౌంటర్ వెనకామె నవ్వుతూ లెక్క చెప్పింది. నాలుగు టికెట్లు 60 డాలర్లకే, పైగా 50 డాలర్ల భోజనం కూపను. చేయవలసిందల్లా మర్నాడు పొద్దున భార్యాభర్తలిద్దరూ ఒక రిసార్టుకు వెళ్లి, ఫలహారం చేసి, 90 నిమిషాలు వాళ్లు చెప్పింది వినడం. హామీగా మరో 40 డాలర్లు కట్టాలి, తర్వాత తిరిగి ఇస్తారు. "ఊరికే ఎవరూ ఇవ్వరురా" అని మా ఆవిడ తమ్ముణ్ని వారించింది. అతను వినలేదు.

తొంభై నిమిషాలు మూడున్నర గంటలయ్యాయి. ఫలహారమంటే ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన మఫిన్, నీళ్ల కాఫీ. మొదట ఒక కుర్రవాడు వచ్చి ఏటా ఒక వారం పాటు విల్లా మీదే అన్నాడు, ధర 24,000 డాలర్లన్నాడు. కాదంటే మేనేజరట, ఇంకొకాయన వచ్చి 15,000కు దించాడు. అదీ కాదంటే మూడో ఆయన వచ్చి, పిల్లలకు సెలవుల్లో ఒక జ్ఞాపకం మిగల్చాలని మీకు లేదా అన్న ధోరణిలో మొదలుపెట్టాడు. బావమరిది భార్య బ్యాంకులో ఆడిటరు. ఏటా నిర్వహణ ఖర్చు ఎంత అవుతుందో కాగితం మీద చూపించమంది. సంతకాలయ్యాక చూపిస్తామన్నారు. ఆ మాటతో ఆమె లేచి నిలబడింది.

తీరా చేతిలో పెట్టినవి టికెట్లు కావు, వోచర్లు. వాటిని మార్చుకోవడానికి మళ్లీ ఆ బంకు పక్క గదికే పోవాలి. భోజనం కూపను ఆ రిసార్టు హోటల్లో తప్ప ఊళ్లో ఎక్కడా చెల్లదు. హామీ సొమ్ము ఆరు వారాల్లో కార్డుకు వస్తుందట. నలుగురి మీద వంద డాలర్లు ఆదా అయిన మాట నిజమే, దానికి ఒక పూట పోయింది. ఆ సాయంత్రం దాకా బావమరిది ఎవరితోనూ మాట్లాడలేదు. "అదొక్కటే లాభం" అంది మా ఆవిడ.

ఆ పూటంతా అతని పిల్లలిద్దరినీ వెంటేసుకుని మేము కొలిమి దగ్గరే గడిపాం. ఈ ప్రయాణంలో నేను డబ్బు పెట్టి మళ్లీ చూడాలనుకునేది అదే.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 దాకా వర్జీనియా రాజధాని. రాజధాని రిచ్‌మండ్‌కు తరలిపోయాక ఊరు మూలపడింది. 1926లో గుడ్విన్ అనే పాదిరీ ప్రోద్బలంతో జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బు పోసి పాత ఇళ్లు బాగుచేయించడం, కూలినవి తిరిగి కట్టించడం మొదలుపెట్టాడు. గవర్నరు భవనం కూడా అలా తిరిగి కట్టినదే, అసలుది 1781లో తగలబడింది. అది చూడటానికి అరగంట వరసలో నిలబడ్డాం. గోడల నిండా తుపాకులు, కత్తులు అలంకరించారు. ఇరవై నిమిషాల్లో బయటికి పంపేస్తారు. నన్నడిగితే మానేయవచ్చు.

ఆండర్సన్ కొలిమిలో మాత్రం మిమ్మల్ని ఎవరూ తరమరు. అమెరికా విప్లవ కాలంలో అక్కడ సైన్యం తుపాకులు బాగుచేసేవారు. ఇప్పుడు ఆ కాలపు బట్టల్లో ఉన్న కమ్మరులు నిజంగానే పని చేస్తున్నారు. ఒక యువతి తిత్తి లాగి, ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని దాగలి మీద పెట్టి, నాలుగు దెబ్బల్లో మొన తీసి, తుంచి, తల చదును చేసింది. మేకు తయారైంది. ఇలా చేసిన మేకులు, మడతబందులు అదే ఊళ్లో కట్టే ఇళ్లకు వాడతారట. ఆమె ఇంకా పని నేర్చుకుంటున్న దశలోనే ఉంది, పూర్తి పనివాడనిపించుకోవడానికి ఏళ్లు పడుతుంది. మా మామగారు రెవెన్యూ శాఖలో తహశీల్దారుగా పదవీ విరమణ చేసినవారు. ఇనుము ఎక్కడి నుంచి వస్తుంది, బొగ్గెంత ఖర్చవుతుంది, తూకం ఎవరు రాస్తారు అని విచారణ మొదలుపెట్టారు. ఆ అమ్మాయి సుత్తి ఆపకుండానే అన్నిటికీ జవాబిచ్చింది. వేషం వేసుకుని చిలకపలుకులు పలికే వాళ్లకూ, చేతిలో పని ఉన్నవాళ్లకూ తేడా అక్కడ తెలుస్తుంది. వీధిలో వాషింగ్టన్, జెఫర్సన్ వేషధారులూ తిరుగుతుంటారు. వాళ్లు చుట్టూ గుంపు లేనప్పుడే బాగా మాట్లాడతారు.

ఇటుకల ఆవరణలో పిల్లలు చెప్పులు విప్పి బంకమట్టి తొక్కారు. వేసవంతా ఇటుకలు కోసి ఆరబెట్టి, శరదృతువులో బట్టీ పెడతారు. మేము వెళ్లింది జూన్‌లో, ఎండ 35 డిగ్రీలు. మా వాణ్ని ఆ బురదలోంచి బయటికి లాగడానికి ఇద్దరు కావలసివచ్చింది. కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు పెట్టారు కానీ తువ్వాలు మనమే తీసుకెళ్లాలి.

మా అత్తయ్యగారికి ఇవేవీ పట్టలేదు, కుట్టుపని దుకాణంలో గుడ్డలు చూసేదాకా. తెల్లటి నేల మీద ఎర్రపూలు, నల్లగీతల తీగలు ఉన్న నూలు గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. ఆవిడ పుట్టినిల్లు బందరు దగ్గర. "ఇది మన అద్దకం పని కదూ" అన్నారు. ఆ రోజుల్లో కోరమాండల్ తీరం నుంచి ఇలాంటి గుడ్డలు లండన్ మీదుగా అమెరికాకు చేరేవి. తమ నేతగాళ్ల గోల భరించలేక ఇంగ్లండు 1721 నుంచి 1774 దాకా వాటిని తన దేశంలో కట్టుకోవడమే నిషేధించింది, వలసలకు పంపడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. కుట్టే ఆమెకు ఇదంతా తెలుసు. అత్తయ్యగారికి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. గుడ్డ ధర ముందు కుట్టుకూలి ఏపాటిదీ కాదనీ, అందుకే ముక్క కూడా పారేయకుండా కత్తిరించేవారనీ చెప్పింది. మా ఆవిడ అనువదించబోతే ఇద్దరూ చేత్తో వారించారు. గంటసేపు ఆ ఇద్దరి మధ్యా మా అవసరం పడలేదు.

పేటన్ రాండాల్ఫ్ ఇంట్లో మేము నవ్వులు మానేశాం. ఆయన అమెరికా వలసల ప్రతినిధుల సభ అయిన మొదటి కాంటినెంటల్ కాంగ్రెసుకు అధ్యక్షుడు, స్వేచ్ఛ కోసం పోరాడిన పెద్దమనిషి. ఆయన పోయాక రాసిన ఆస్తుల జాబితాలో ఆ ఇంట్లోని 27 మంది బానిసలు కూడా ఉన్నారు. ఆనాడు ఊరి జనాభాలో సగం మందికి పైగా నల్లవాళ్లే. ఇల్లు చూపించిన నల్లజాతి ఆవిడ గొంతు పెంచలేదు. 1775 నవంబరులో బ్రిటిష్ గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు తన సైన్యంలో చేరితే విముక్తి ఇస్తానని ప్రకటించాడనీ, ఈ ఇంటి నుంచి కూడా కొందరు పారిపోయారనీ చెప్పింది. "మరి వాళ్లకు ఎవరు మంచివాళ్లు, ఆంగ్లేయులా, అమెరికన్లా?" అని మా వాడు అడిగాడు. "నువ్వే ఆ వంటింట్లో ఉంటే ఎటు పరుగెత్తేవాడివి?" అని ఆమె ఎదురు ప్రశ్న వేసింది. బయట ఫైఫులనే చిన్న పిల్లనగ్రోవులు, డప్పుల కవాతు మొదలైనా వాడు కదల్లేదు. ఈ ఇల్లు మాత్రం తప్పించుకోకండి.

ఇక విందు. ఆ కాలపు పద్ధతిలో భోజనం పెట్టే సత్రాలు కొన్ని ఉన్నాయి. మేము వెళ్లినదాని పేరు రాయను. తొమ్మిది మందికి ముందుగా ఫోను చేసి, ఇద్దరు పెద్దవాళ్లు శాకాహారులని రెండుసార్లు చెప్పాం. కొవ్వొత్తుల వెలుగు, ఫిడేలు, వల్లెంత తెల్లగుడ్డ మెడకు కట్టడం, అంతా బాగుంది. మామగారి ముందుకు వచ్చిన పళ్లెంలో ఉడికించిన క్యారెట్లు, బంగాళాదుంప ముద్ద, దాని మీద గోధుమరంగు రసం. అదేమిటని అడిగితే వడ్డించే అబ్బాయి లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, గొడ్డుమాంసం రసమని చెప్పాడు. క్షమాపణ లేదు. రసం లేకుండా అదే క్యారెట్లు ఇంకో పళ్లెంలో తెచ్చాడు, ఇరవై నిమిషాల తర్వాత. ఆ పళ్లెం ధర 34 డాలర్లు. అత్తయ్యగారు వెన్న రాసిన రొట్టెతో సరిపెట్టుకున్నారు. మొత్తం బిల్లు 412 డాలర్లు, అందులో నూటికి ఇరవై చొప్పున సేవా రుసుము ముందే కలిపేశారు, కింద మళ్లీ టిప్పు కోసం ఖాళీ గీత. మామగారు తన కళ్లజోడు పెట్టుకుని ఆ బిల్లును జమాబందీ లెక్కలా పైనుంచి కిందికి చదివి, గీత మీద సున్నా చుట్టారు. ర్యాలీ సత్రం వెనక బేకరీలో 4 డాలర్లలోపు దొరికే అల్లం కేకు దీనికంటే వెయ్యి రెట్లు నయం.

బస గురించి రెండు ముక్కలు చాలు. రాత్రికి 129 అని చూపించి, 'సదుపాయాల రుసుము', పన్ను కలిపి 171 చేశారు. ఆ సదుపాయమేమిటో చివరిదాకా అర్థం కాలేదు, ఈత కొలనుకు తాళం వేసి ఉంది. పాత ఊరికి పదిహేను నిమిషాల నడక అన్నారు, నడవడానికి దారి లేదు, రహదారి అంచు తప్ప. ఇంకో ముప్ఫై డాలర్లు పోయినా లోపలే ఉండటం మంచిది.

విప్లవ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన యార్క్‌టౌన్‌కు కలోనియల్ పార్క్‌వే మీద వెళ్లండి. చెట్ల మధ్య దారి, దాని మీద దుకాణం గానీ బంకు గానీ ఉండవు. అక్కడి విప్లవ మ్యూజియం వెనక సైనికుల శిబిరం వేసి ఉంచారు. ఒక్కో గుడారంలో ఆరుగురు పడుకునేవారట, నేను కాళ్లు చాపితే బయటికి వచ్చాయి. వంట కోసం నేలలో గుండ్రంగా కందకం తవ్వి, దాని గట్టులోనే పొయ్యిలు తొలిచారు. వైద్యుడి గుడారంలో రంపం చూపించి, యుద్ధం కంటే జబ్బులే ఎక్కువ మందిని చంపాయన్నారు. ఉన్ని కోటులో ఉన్న సైనికుడు మస్కెట్ పేల్చి చూపించాడు. కాగితపు తూటా పళ్లతో చింపి, మందు పోసి, పొడవాటి కడ్డీతో దట్టించాలి. ఆరితేరిన వాడు నిమిషానికి మూడుసార్లు పేల్చగలడు. తూటా కొరకడానికి పైనా కిందా ఎదురెదురు పళ్లు ఉంటేనే సైన్యంలోకి తీసుకునేవారట. కట్టుడు పళ్ల మామగారు తనను ఎలాగూ తీసుకునేవాళ్లు కారని సంతోషించారు. చేతికి కర్రలిచ్చి కవాతు చేయిస్తే పిల్లలతో పాటు బావమరిది కూడా వరసలో నిలబడ్డాడు, ఎడమంటే కుడికి తిరిగాడు. అతను మొదటిసారి నవ్వింది అక్కడే.

ఫిరంగి పేల్చేది మధ్యాహ్నం. ఈలోగా యుద్ధభూమి చూసి వద్దామని బయలుదేరాం. అది జాతీయ పార్కు వారిది, పెద్దలకు 15 డాలర్లు, పిల్లలకు లేదు. 1781 అక్టోబరు 14 రాత్రి అమెరికన్లూ ఫ్రెంచివాళ్లూ బ్రిటిష్ వాళ్ల నుంచి చెరొకటి పట్టుకున్న 9, 10 నంబరు మట్టిబురుజుల మీద పిల్లలు ఎక్కి దిగారు. పదో నంబరు మీద తుపాకుల్లో మందు లేకుండా, ఉత్త బాయినెట్లతో జరిగిన దాడికి నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్. అక్కడి నుంచి లొంగుబాటు మైదానానికి వెళ్లాం. అక్టోబరు 19న బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం ఆయుధాలు పడేసింది అక్కడే. ఆయన మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి రాలేదు, తన బదులు ఓహారా అనే అధికారిని పంపాడు.

కారన్‌వాలిస్ పేరు వినగానే మామగారు ఆగిపోయారు. "ఈ పెద్దమనిషే కదా ఇక్కడ ఓడి, అయిదేళ్లకల్లా గవర్నర్ జనరల్ అయి మన నెత్తిన కూర్చున్నది" అన్నారు. 1786లో కలకత్తా చేరడం, 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు కొడుకులిద్దరినీ బందీలుగా పట్టుకోవడం, 1793లో బెంగాలులో శాశ్వత శిస్తు పెట్టడం, 1802 నుంచి అదే పద్ధతి ఉత్తర సర్కారులకు వచ్చి పడటం, చివరికి 1805లో గాజీపూర్‌లో పోవడం, అన్నీ వరసగా చెప్పారు. తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా జమీందారీ కాగితాల చిక్కులు విప్పుతూనే ఉన్నానన్నారు. పక్కనున్న పార్కు ఉద్యోగిని నోటుపుస్తకం తీసి రాసుకుంది. ఇక్కడికి వచ్చే వాళ్లలో చాలామందికి కారన్‌వాలిస్ కథ ఈ మైదానంతోనే అయిపోతుందట. ఆమె ఒక ప్రశ్న వేస్తే ఈయన మూడు జవాబులిచ్చారు. రైతువారీ పద్ధతి దగ్గరికి వచ్చేసరికి అత్తయ్యగారు చెట్టుకింద బెంచీ చూసుకున్నారు.

మ్యూజియానికి తిరిగి వచ్చేసరికి ఫిరంగి పేల్చేయడం అయిపోయింది, పొగ వాసన మాత్రం మిగిలింది. పిల్లలు ముగ్గురూ కారెక్కేదాకా తాతయ్యతో పలకలేదు. పేల్చే వేళలు ముఖద్వారం దగ్గరే రాసి పెడతారు. రెవెన్యూ శాఖ వాళ్లు వెంట ఉంటే ఫిరంగి చూశాకే మైదానానికి వెళ్లండి.