నెల్లూరు చుట్టూ మూడు ఆదివారాలు, ఒక దొంగ వంజరం

సముద్రం కూతవేటు దూరంలో పెట్టుకుని, నెల్లూరు వాళ్ల విస్తట్లో పంగాస్ అనే చవక చెరువు చేప ముక్కలు వేసి వంజరం పులుసు అని వడ్డించాలంటే గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి మేం కట్టిన ఖరీదు తలకి 1,299 రూపాయలు. ఐదుగురం పోయాం. పన్నుతో కలిపి 6,820.

తప్పు మా తోడల్లుడిది. సంక్రాంతికి బెంగళూరు నుంచి దిగి, ఇంటి నుంచే పని అని చెప్పి మూడు వారాలు మకాం వేశాడు. ప్రతి ఆదివారం ఎక్కడికైనా పోదాం అన్నాడు, అక్కడిదాకా బానే ఉంది. ఫోన్లో ఫొటోలు చూసి తీరంలో ఒక రిసార్టులో 'డే ప్యాకేజీ' బుక్ చేసేశాడు. పేరు చెప్పను. పొద్దున తొమ్మిదికి పోవచ్చు, సాయంత్రం ఐదుకి రావచ్చు. బోటు షికారు, ఈతకొలను, నెల్లూరు చేపల పులుసుతో భోజనం, అన్నీ అందులోనే.

పోగానే స్వాగత పానీయం ఇచ్చారు. రంగు నీళ్లు. ఈతకొలనులో దిగాలంటే తువాలు అద్దె 50, బట్టలు మార్చుకునే గదికి 200. అవి ప్యాకేజీలోకి రావంట. బోటు సంగతి అడిగితే "అలలు ఎక్కువున్నాయి సార్, ఈరోజు ఆపేశాం" అన్నాడు అక్కడి కుర్రాడు. బోటు తిప్పేది సముద్రంలో కాదు, ఉప్పుటేట్లో. ఆ నీళ్లలో వంగి తల దువ్వుకోవచ్చు, అంత నిలకడగా ఉన్నాయి. మా మామ ఒడ్డున నిలబడి కాసేపు చూసి, "అలలు యాడున్నాయి అబ్బయా, నాకు కళ్లద్దాలు మార్చాలేమో" అన్నాడు. అప్పటికింకా నవ్వుతూనే ఉన్నాం.

ఒంటిగంటకి భోజనం. బయట బోర్డు మీద పెద్ద అక్షరాలతో వంజరం పులుసు, పక్కన నిగనిగలాడే చేప ఫొటో. వంజరాన్ని అడ్డంగా కోస్తే గుండ్రటి ముక్క వస్తుంది, నడిమధ్యలో ఒకటే ముల్లు, చుట్టూ గట్టి కండ. అది పులుసులో చెదరదు. మా విస్తట్లో పడింది తెల్లగా, పలచగా, పీచుపీచుగా విడిపోతున్న ముక్క. ముల్లు లేదు, తోలు లేదు, చేప వాసన అసలే లేదు. మామ ముక్కని వేలితో అదిమాడు. అది వేలికి అంటుకుపోయింది. నలభై ఏళ్లుగా ఆదివారం పొద్దున్నే సంచీ పట్టుకుని చేపల మార్కెట్టుకి పోయే మనిషి. మాట్లాడకుండా ముక్కని విస్తరి అంచుకి జరిపి, పులుసు మాత్రం కలుపుకున్నాడు. ఆ పులుసులో మామిడికాయ కూడా లేదు. జనవరిలో ఎక్కడిది అనొచ్చు, సరే, అది వదిలేద్దాం.

వంటింట్లోకి పోయి అడిగాను. అక్కడ పనిచేసే పిల్లోడికి తెలుగు రాదు, కానీ నిజం చెప్పాడు: అట్టపెట్టె తెరిచి చూపించాడు. గడ్డకట్టించిన పంగాస్. చెరువుల్లో పెంచే చేప అది, దాని తప్పేమీ లేదు, తినేవాళ్లు తింటారు. మా మార్కెట్లో ఆ వారం పంగాస్ కిలో 150, వంజరం 850. తేడా ఎవరి జేబులోకి పోయిందో చెప్పక్కర్లేదు. మేనేజర్ని పిలిస్తే "సప్లయర్ మారాడు సార్, బోర్డు మీద ఫొటో ఉత్తినే పెట్టింది" అన్నాడు. తలకి 500 వెనక్కి ఇమ్మన్నాం. అభిప్రాయాలు రాయమని ఒక కాయితం ఇచ్చాడు. రొయ్యల వేపుడు మాత్రం అసలుదే, మనిషికి నాలుగు లెక్కన వచ్చాయి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో ఎవరూ మాట్లాడలేదు. తోడల్లుడు కిటికీలోంచి రొయ్యల గుంటలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. మా మరదలు వెనక సీట్లో నిద్ర నటించింది. సముద్రం చూడాలనుకునే వాళ్లకి నేను చెప్పేది ఇంతే: మైపాడు పాతిక కిలోమీటర్లు, పొద్దున ఐదున్నరకి బయల్దేరి సూర్యోదయం చూసి, టీ తాగి, పదికల్లా ఇంటికొచ్చి, మన వంటింట్లో పులుసు వండుకోండి.

మధ్యలో ఒక బుధవారం నేలపట్టు పక్షుల కేంద్రానికి పోయొచ్చాం. నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతులు, హాయిగా గడిచింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ పిట్టలు మాకు చెప్పకుండానే తిరుపతి జిల్లావి అయిపోయాయి.

రెండో ఆదివారం ఉదయగిరి. ఈసారి ఏర్పాట్లు నావి, కాబట్టి కొంచెం బడాయిగానే రాస్తాను. పొద్దున ఐదుకి బయల్దేరి బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా పోయాం. సంగం దగ్గర 2022లో ప్రారంభించిన కొత్త బ్యారేజీ మంచులో సగమే కనిపించింది. ఆత్మకూరులో రోడ్డు పక్క బండి దగ్గర కారం దోశలు, ఐదుగురికి 240. పోనురాను రెండొందల కిలోమీటర్లు, పెట్రోలు 1,400.

ఉదయగిరి దుర్గం ఊరికి ఆనుకునే ఉంటుంది, 3,079 అడుగుల కొండ. కింద నుంచి చూస్తే రాతిగోడలు కొండ అంచుల వెంట పాకుతూ పోతుంటాయి. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టాడని చిన్నప్పుడు చదివి మార్కులు తెచ్చుకున్నాం. అంతకాలం ఎందుకు పట్టిందో ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకే నా మోకాళ్లకి తెలిసింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకుపోయి, దాని కోసమే గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. రాతి కృష్ణుణ్ణి అంత దూరం మోసుకుపోయారు. నేను నీళ్ల సంచీని మొదటి గోడ దాకా మోయడానికి నాలుగుసార్లు చేతులు మార్చాను.

దారి చూపించే బోర్డు మాకు ఒక్కటీ కనపడలేదు. కంపచెట్ల మధ్య మూడు బాటలు చీలిన చోట ఆగి, ఫోన్ చూస్తే సిగ్నల్ లేదు. తోడల్లుడు "నేను చెప్పానా" అని నోరు తెరవబోయి, వంజరం గుర్తొచ్చి మూసుకున్నాడు. అప్పుడే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. "యాడికి సామీ, మసీదు దాకానా?" అన్నాడు. అవునంటే మేకల్ని వదిలేసి ముందు నడిచాడు. ఎక్కడ రాయి కదులుతుందో ముందే చెప్పేవాడు. గంటన్నర తర్వాత పైన పాత మసీదు దగ్గర నిలబడితే, కింద ఉదయగిరి ఇళ్లు, చెరువులు, ఇంకా అవతల కొండల వరస. గాలి చెవుల్లో హోరుమంటోంది. ఆయనకి 200 ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇద్దో, అవి ఇయ్యండి" అని మా అత్త చేసిపెట్టిన అరిసెలు రెండు అడిగి తీసుకుని, ఒకటి తిని ఒకటి తలగుడ్డ చెంగులో కట్టుకున్నాడు. మనవరాలికంట.

పోయేవాళ్లకి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు చాలవు, మూడు పట్టుకోండి. ఏడుకల్లా ఎక్కడం మొదలెట్టాలి. నీడ తక్కువ, పైన అంగడి లేదు, ఆడవాళ్లకి మరుగు కూడా లేదు. చెప్పులతో ఎక్కకండి, మా మరదలి చెప్పు తెగి దిగేటప్పుడు నా సాక్సులు వేసుకుని నడిచింది. ఎండాకాలంలో పోవాలనుకుంటే వద్దు.

మామ కొండ ఎక్కలేదు. మేం దిగొచ్చేసరికి ఊళ్లో కొయ్య చెంచాలు చేసే చోట కింద కూర్చుని ఉన్నాడు, పంచె నిండా పొట్టు. ఉదయగిరి చెంచాలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి కర్రతో చేస్తారు. అక్కడొకావిడ గరిట మొండాన్ని కాలి వేళ్ల మధ్య ఇరికించి ఆకురాయితో గీస్తోంది. పది గీతలకోసారి తిప్పి, వెలుతురుకి ఎత్తి, గుంట అంచుని బొటనవేలి గోరుతో తడిమి చూస్తోంది. మందం ఎక్కడైనా తేడాగా ఉందనిపిస్తే మళ్లీ అక్కడే గీత. తర్వాత గరుకు కాగితం. తలెత్తి మమ్మల్ని చూడనే లేదు. చెంచా 30, ఫోర్కు 30, చిల్లుల గరిట 120. కొత్తిమీర కట్ట దగ్గర కూడా అర్ధరూపాయి తగ్గించమనే మామ, రెండు గరిటెలకి 240 మారు మాట్లాడకుండా తీసిచ్చాడు. మా ఆవిడ నావైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను.

మధ్యాహ్నం భైరవకోన కూడా చుట్టేద్దామని తోడల్లుడు. నెల్లూరు జిల్లా కాకపోయినా ఇటునుంచి దగ్గరే. కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కన జలపాతం. దాన్ని కంగారుగా చూడకూడదు, అదొక రోజు పని అని నేను ఒప్పుకోలేదు. మామ కూడా నావైపే, ఆయనకి గరిటెలు ఇంటికి చేర్చాలని తొందర.

మూడో ఆదివారం దూరం పోలేదు. నరసింహకొండ, నెల్లూరుకి పదిహేను కిలోమీటర్ల లోపే. రెండు బైకులు, పెట్రోలు లెక్కేసేంత కాలేదు. బైకులు కొండ కిందే పెట్టేసి నడిచి ఎక్కాం. పైన నరసింహస్వామి గుడి, సప్తఋషుల పేరు చెప్పే కోనేర్లు. దర్శనానికి పది నిమిషాలు పట్టింది. కొబ్బరికాయ 40, కిందకొచ్చాక మజ్జిగ ఐదుగురికి 100. మొత్తం ఖర్చు 140. మా ఆవిడ ఆ అంకె రెండుసార్లు పైకి చదివింది, తోడల్లుడికి వినపడేట్టు.

ఆ కొండ మీద నుంచి పెన్న చూడాలి. అక్టోబరు, నవంబరు వానల నీళ్లు ఇంకా ఉన్నాయి, ఇసుక మేటల మధ్య నాలుగు పాయలుగా చీలి పోతోంది. అవతలి ఒడ్డున జొన్నవాడ, ఇవతల కనుచూపు మేర నాటిన వరి. దగ్గర మడుల్లో పైరు ఇంకా పలచన, సందుల్లో నీళ్లు మెరుస్తున్నాయి. బండరాయి మీద గంట కూర్చున్నాం. ఎవరూ ఫొటో తీయమని అడగలేదు.

అక్కడుండగానే తోడల్లుడి ఫోన్ మోగింది. రిసార్టు వాళ్ల మెసేజ్: జరిగినదానికి చింతిస్తున్నాం, మళ్లీసారి వస్తే పది శాతం తగ్గింపు, కోడ్ ఇదీ అని. వాడు పైకి చదివి, కొంచెం సిగ్గుపడుతూనే, "పది శాతం అంటే తక్కువేం కాదు కదా మామా" అన్నాడు.

మామ ఏటి నుంచి కళ్లు తిప్పకుండా, "ముల్లు ఆ పది శాతంలో వస్తాదా, విడిగా కట్టాల్నా అడుగు" అన్నాడు.